పేరులోనే చిరునామా

పెట్రోలు బంకులో 91 అనో 95 అనో కనిపించే అంకె ఆక్టేన్ సంఖ్య. ఇంజన్‌లో ఇంధనం వేళకు ముందే తనంతట తాను అంటుకోకుండా ఎంతవరకు ఓర్చుకుంటుందో అది చెబుతుంది. ఈ కొలతలో 100 మార్కులు ఇచ్చిన పదార్థంలో 8 కార్బన్లు, 18 హైడ్రోజన్లు ఉంటాయి. అవే కార్బన్లు కొమ్మల్లేకుండా ఒకే వరుసలో నిలబడితే నార్మల్ ఆక్టేన్. దానికి సున్నా కన్నా తక్కువ మార్కులు. ఫార్ములా ఒకటే, గుణం వేరు. బడి పుస్తకాలు దీన్ని సాదృశ్యం అంటాయి. ఆ మాటకు పోలిక అని అర్థం గానీ, ఇక్కడ చూడాల్సింది తేడానే. ఫార్ములా చెప్పేది తలల లెక్క. ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పాల్సింది పేరు. అందుకే పిల్లల్ని బెదరగొట్టే ఆ పొడవాటి పేర్లు లేకుండా పని జరగదు.

100 మార్కుల పదార్థం పేరు 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్. మనకు ఇంటిపేరు ముందుంటుంది, దీనికి చివర ఉంటుంది. కాబట్టి వెనక నుంచి చదవాలి. 'ఏన్' అంటే కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలే. 'పెంట్' అంటే అన్నిటికన్నా పొడవైన గొలుసులో 5 కార్బన్లు. 'ట్రైమిథైల్' అంటే ఒక్కో కార్బన్ ఉన్న కొమ్మలు 3. ఐదూ మూడూ ఎనిమిది, లెక్క సరిపోయింది. రెండు కొమ్మలు రెండో కార్బన్‌కు, ఒకటి నాలుగో కార్బన్‌కు. అవతలి కొస నుంచి లెక్కపెడితే 2,4,4 వస్తుంది. తొలి తేడా దగ్గర చిన్న అంకె ఉన్న వరుసే నెగ్గుతుంది కనుక 2,2,4. వాడుకలో దీన్ని ఐసో ఆక్టేన్ అంటారు. పాత పద్ధతి ప్రకారం చూస్తే ఆ పేరు 2-మిథైల్‌హెప్టేన్ అనే వేరే పదార్థానికి చెందాలి! ఎవరి పక్కన ఎవరున్నారన్నది ఒక్కటే చూసినా ఈ ఫార్ములాకు 18 రూపాలున్నాయి. అలవాటు పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం.

శాస్త్రవేత్తలే అసిటోన్, అసిటిక్ ఆమ్లం అంటుంటే పిల్లలకెందుకీ బాధ అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే, అసిటిక్ ఆమ్లం పేరును రసాయన పేర్ల నియమాలు చేసే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ కూడా ఉంచుకుంది. లాటిన్‌లో వెనిగర్‌ను పిలిచే మాట నుంచి అది వచ్చింది, చీమను పిలిచే మాట నుంచి ఫార్మిక్ ఆమ్లం వచ్చింది. ఇవి పుట్టిల్లు చెబుతాయి, నిర్మాణం చెప్పవు. ఇంట్లో నలుగురికి ముద్దుపేర్లు చాలు. కానీ అన్నీ ఏకబంధాలే ఉండే హైడ్రోకార్బన్, అంటే ఆల్కేన్, 10 కార్బన్లదైతేనే 75 రూపాలు, 20 కార్బన్లకు 3,66,319. బొమ్మ గీస్తే పోదా అంటే, బొమ్మను ఫోన్లో చెప్పలేం, పుస్తకం చివర సూచికలో పేర్చలేం. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రవేత్తలు కూడి నియమాలు రాసుకున్నదీ ఒక పదార్థానికి సూచికలో ఒకే చోటు దక్కాలనే.

బట్టీ పట్టిస్తున్నారన్న ఫిర్యాదు మాత్రం నిజం. బొమ్మ గీయించకుండా పేరు చెప్పించడంతోనే ఆ చిక్కు. టీచర్లు ముందుగా 6 కార్బన్లు, 14 హైడ్రోజన్లు ఇచ్చి ఎన్ని రూపాలొస్తాయో పిల్లల చేత గీయించి చూడండి. గొలుసును కాస్త వంచి గీసి, అదీ కొత్తదేననుకుని ఏడెనిమిది తెస్తారు. ఒక్కోదానికి పేరు పెట్టమనండి. ఒకే పేరు రెండుసార్లు రాగానే దొంగ దొరికిపోతాడు. చివరికి మిగిలేవి 5.