ఊరి యాస తెరమీద ఒకటి, ఊళ్లో ఒకటి

గోదావరి జిల్లాల మనిషి తెరమీద కనిపిస్తే చాలు, నోట్లోంచి ‘ఆయ్’ ఊడిపడుతుంది. మాట మొదలెడితే ఆయ్, ముగిస్తే ఆయ్. రాజోలులోనో అమలాపురంలోనో పుట్టి పెరిగినవాళ్లకు అది వింటే ఒళ్లు మండుతుంది. ఆ మాట వాళ్లు అనరని కాదు. అంటారు, కాకపోతే దానికో చోటుంది. పెద్దాయన ‘రేపు పొద్దున్నే చేలోకి రారా’ అని చెబితే కుర్రాడు ‘ఆయ్’ అంటాడు. విన్నాను, అలాగేనండి అన్నట్టు. మర్యాదంతా ఆ చిన్నమాటలోనే ఉంటుంది. ఈడువాడితో కబుర్లాడేటప్పుడు దాని అవసరమే రాదు. సినిమా ఆ చోటు వదిలేసి చప్పుడు మాత్రం పట్టుకుంది.

తెలుగునాట ఏ ప్రాంతం పేరు చెప్పినా బయటివాళ్లకు నాలుగు మాటలు టక్కున తడతాయి. ఆ ప్రాంతంవాళ్లు రోజంతా వాడేవి మాత్రం చాలాసార్లు వేరే మాటలు.

ఉత్తరాంధ్ర సంగతే చూడండి. ‘ఏటి’, ‘ఓలమ్మో’, ‘గుంట’, ‘బేగి’ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నిక్షేపంగా బతికున్నాయి. వారపు సంతలో కాసేపు నిలబడితే ‘ఏటి సేస్తన్నావు’, ‘బేగి రా’ చెవిన పడతాయి. అదే ఊరినుంచి వచ్చి విశాఖలో ఉద్యోగం చేసుకునే కుర్రాడు ఆఫీసులో ‘ఏంటి’ అంటాడు. ‘ఏటి’ని ఇంటికీ స్నేహితులకీ దాచుకుంటాడు. అయినా దొరికిపోతాడు. పట్టిచ్చేది ‘ఏటి’ కాదు, క్రియలో ‘ఏ’ బదులు దూరిన ‘ఈ’ దీర్ఘం. ‘తినేశాను’ అనాల్సినచోట ‘తినీసాను’, ‘వచ్చేస్తున్నాను’ అనాల్సినచోట ‘వచ్చీస్తన్నాను’. తనకసలు యాసే లేదనుకునే పట్నవాసి నోట కూడా ఇది పలుకుతుంది. ఏ విజయవాడ హాస్టల్లోనో పక్కమంచం మీదివాడు నవ్వేదాకా తనకే తెలియదు. ఏ పదజాబితాలోనూ చోటు దొరకని ఈ దీర్ఘమే, ‘ఓలమ్మో’ కన్నా గట్టి గుర్తు.

తెలంగాణలోనూ అంతే. ‘లొల్లి’, ‘పరేషాన్’, ‘మస్తు’ టీషర్టుల మీదికెక్కాయి. జనం నిజంగానే వాడే మాటలే అవి. కానీ తెలంగాణ నుడి అసలు జీవం ‘నేను పోయిన’, ‘నేను చెప్పిన’ అనడంలో ఉంది. ‘పోయాను’, ‘చెప్పాను’ బడి పుస్తకంలోవి. యాస రాని రచయిత ప్రతి మాటకూ ముందు ఒక ‘గ’ తగిలించి గిట్ల, గట్ల, గాడ అని నింపేస్తాడు. ఆదిలాబాద్ మాట ఖమ్మంలో లేదని, కరీంనగర్ వైపు తండ్రిని ‘బాపు’ అని పిలిస్తే ఇంకోచోట ‘నాయిన’ అంటారని పట్టించుకోడు. పైగా చాలాకాలం సినిమా ఈ భాషను రౌడీలకూ హాస్యగాళ్లకూ అప్పజెప్పింది. అమ్మ మాట్లాడే మాటను తెరమీద వెక్కిరింపుగా విన్న పిల్లలు నలుగురిలో దాన్ని మింగేయడం నేర్చుకున్నారు. ఎప్పుడో ‘మా భూమి’ సినిమా దారి చూపినా, ఆ భాషలో ఒక కథానాయిక ప్రేమించడం, పోట్లాడడం జనమంతా ఎగబడి చూసింది 2017లో ‘ఫిదా’ వచ్చాకే. 2023లో ‘బలగం’ చావింటి ఏడుపునూ పంతాలనూ అదే నుడిలో చూపించింది.

హైదరాబాదీ గుర్తులుగా చెప్పే ‘నక్కో’, ‘హౌ’ మాత్రం తెలుగు మాటలు కావు, దక్కనీ ఉర్దూవి. ‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చింది. పాతబస్తీలో అవి ఇవాళ్టికీ రోజువారీ మాటలే.

తెరమీంచి ఊళ్లోకి ఎదురు ప్రయాణమూ ఉంది. 2021లో ‘పుష్ప’ వచ్చాక ‘తగ్గేదే లే’ ఊరూరా మోగింది. ‘లేదు’ను ‘లే’గా కుదించడం రాయలసీమవాళ్లకు అలవాటే. ‘రాలే’, ‘చూడలే’ అని రోజూ అంటూనే ఉంటారు. గడ్డం కింద చెయ్యి తిప్పుతూ అనడం మాత్రం సినిమా నేర్పింది.

మరి ఒక మాట ఊళ్లో ఉందో లేదో తెలిసేదెలా? ‘మీరీ మాట వాడతారా’ అని మొహంమీద అడిగితే సగంమంది మొహమాటపడి లేదంటారు, మిగతా సగం మురిపెంతో నటించి చూపిస్తారు. పనివైపు నుంచి వెళ్లడమే మేలు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఆ దారే పట్టారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయానిది, 1971లో వచ్చిన రెండోది చేనేతది. పొలం చేసేవాళ్ల నోట, మగ్గం నేసేవాళ్ల నోట ఉన్న మాటల్ని ఊళ్లకు వెళ్లి ఏరుకొచ్చారు. కరెంటు మోటార్లొచ్చి, ఎద్దులతో నీళ్లు తోడే మోట మూలపడ్డాక దాని భాగాల పేర్లూ జనం నోట కరిగిపోయాయి. తెలంగాణలో కిరసనాయిలును పిలిచే ‘గ్యాస్‌నూనె’ కూడా స్టవ్వులతోపాటే వెళ్లిపోతోంది. ఎవరూ ఎగతాళి చేయకుండానే పోయే మాటలివి. వాటిని రాసిపెట్టుకోవాల్సింది ఇప్పుడే.

వస్తువు పోకపోయినా పేరు మారొచ్చు. అనంతపురం రైతు చేలో పీకేది చెనక్కాయలే, మండీలో బేరమాడేదీ చెనక్కాయలకే. అమ్ముకున్నాక బస్టాండు పక్క హోటల్లో కూర్చుని ఇడ్లీలోకి ఇంకొంచెం పల్లీ చట్నీ వెయ్యమంటాడు.