హాల్డేన్ గారి ఒళ్లు

జీవితానికి అర్థం ఏమిటి తాతయ్యా అని అడిగావుగా అమ్మడూ. వేదాంతం నాకంతగా రాదు. హాల్డేన్ అనే శాస్త్రవేత్త గారి సంగతి చెబుతా, విను.

జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టాడు. భూమ్మీద జీవం ఎలా మొదలైందో ఊహిస్తూ 1929లో వ్యాసం రాశాడు. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు పడి రకరకాల కర్బన పదార్థాలు పుట్టాయనీ, అవి పోగుపడి తొలినాటి సముద్రం వేడివేడి పల్చటి చారులా తయారైందనీ ఆయన ఆలోచన. చారు అన్నది నా మాట కాదే, ఆయన పోలికే!

ఇంతకంటే నాకు నచ్చేది ఆయన మొండితనం. నెత్తుట్లో ఆమ్లం పెరిగితే మనిషికి ఎలా ఉంటుందో చూడాలనుకున్నాడు. కుందేలు మీద చూడొచ్చు, కానీ తలనొప్పిగా ఉందని కుందేలు చెప్పలేదుగా! అందుకని తన మీదే చూసుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిక్కగా తాగితే గొంతు కాలుతుంది, నీళ్లు కలిపితే చాలినంత లోపలికి పోదు. అందుకని అమ్మోనియం క్లోరైడ్ నీళ్లలో కలుపుకుని తాగాడు. అదేమిటో అనుకునేవు, ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్లు వాడే నవసాగరమే. అందులోని అమ్మోనియాని కాలేయం యూరియాగా మార్చేస్తుంది, ఆమ్లం నెత్తుట్లో మిగిలిపోతుంది. పాపం, రోజుల తరబడి ఆయాసపడ్డాడు. కానీ నెత్తుట్లో క్షారం ఎక్కువై ఫిట్స్ వచ్చే పసిపిల్లలకి తర్వాత ఆ మందే ఇచ్చారు. ఆ ఆయాసం ఊరికే పోలేదన్నమాట.

1957లో మన దేశం వచ్చేశాడు. కలకత్తాలో మహలనోబిస్ గారి స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు, లాల్చీ వేసుకున్నాడు, మన పౌరసత్వమూ తీసుకున్నాడు. అక్కడ ఆయన శిష్యుల్లో మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. నా చెవుల మీద వెంట్రుకలు చూసి నవ్వుతుంటావు చూడు, ఆ వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయా అని ఆ కుర్రాడు ఆంధ్రలో వంశవృక్షాలు గీసి మరీ చూశాడు. కొడుక్కి మాత్రమే అందే వై క్రోమోజోమ్‌దే ఆ పని అన్న మాట తర్వాత నిలవలేదనుకో, అయినా అడగాల్సిన ప్రశ్నే.

ఆఖర్న క్యాన్సర్ వచ్చింది. దాని మీదా నవ్వు పుట్టించే పద్యం రాశాడు, అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ని చూడమని చెప్పడానికే. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. బతికున్నన్నాళ్లూ ప్రయోగాలకి వాడిన ఒళ్లు, పోయాక తనకెందుకూ పనికిరాదు కనక ఇంకొకళ్లు వాడుకోండని వీలునామాలో ముందే రాసి ఉంచాడు. అలా రాసిచ్చింది ఎక్కడో అనుకునేవు, మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే. ఆయన అస్థిపంజరాన్ని అక్కడే భద్రపరిచారు.