మున్నేటి నీటి లెక్క

లెక్కల పుస్తకములోని ఏరు ఎల్లప్పుడును ఒకే తీరున ప్రవహించును. దాని వేగము గంటకు ఇంత యని గ్రంథకర్తయే చెప్పివేయును. విద్యార్థికి మిగిలినవి గుణకార భాగహారములే. కాని పెనుగంచిప్రోలు దాటి నందిగామ వైపు సాగివచ్చు మున్నేరు తన వేగమును ఎవరికిని చెప్పదు. ఆ యేటిలో సెకనునకు ఎంత నీరు పోవుచున్నదని అడిగినచో ఏమి చేయవలెను? ఇచట అంకెలను ఇచ్చువారు లేరు. మనమే వెదకికొనవలెను.

ఇట్టి చోట గణితజ్ఞులు నిజవస్తువునకు బదులుగా ఒక సులభమైన నమూనాను కల్పించుకొందురు. ఇసుకదిబ్బలతో, మలుపులతో నుండు ఏటిని ఒక పొడవైన తొట్టివలె భావింతురు. అప్పుడు వెడల్పు, సగటు లోతు, వేగము అను మూడే మిగులును. గట్టునందలి తుమ్మచెట్లు, రేవులో నీరు త్రాగు గేదెలు లెక్కలోనికి రావు. ఏది విడువవచ్చునో, ఏది విడువరాదో తెలియుటయే ఈ పనిలో కష్టమైన భాగము.

వాన లేని దినములలో, నీరు మోకాలిబంటిగా నున్నప్పుడు, పెద్దలను వెంటబెట్టుకొని పోయి కొలువవలెను. వరదకాలమున ఏటి దరికి పోనే రాదు. ఏటికి అడ్డముగా త్రాడు కట్టి, రెండేసి మీటర్ల కొకచోట కఱ్ఱతో లోతు చూడవలెను. వెడల్పు 60 మీటర్లు, సగటు లోతు అరమీటరు వచ్చిన వనుకొందము. నీటి అడ్డుకోత వైశాల్యము 30 చదరపు మీటర్లు. ఒడ్డున 30 మీటర్ల యెడముతో రెండు గుర్తులు పెట్టి, ఎండుకొబ్బరికాయ నొకదానిని నీట విడువగా అది 60 సెకనులలో ఆ దూరము దాటిన, వేగము సెకనునకు అరమీటరు. ఈ రెంటిని గుణింపగా 15 ఘనపు మీటర్లు.

ఇచట తొందరపడరాదు. పైనీరు వడిగా పోవును. అడుగునీరు ఇసుక రాపిడిచే మెల్లగా కదలును. కావున తేలెడు వస్తువు చూపిన వేగములో నూటికి సుమారు 85 వంతులనే సగటుగా గ్రహించుట ఇంజనీర్ల వాడుక. అప్పుడు 12.75 ఘనపు మీటర్లు, అనగా సుమారు 450 క్యూసెక్కులు తేలును.

ఈ జవాబు సరియో కాదో చూచుకొనుటకు పుస్తకము చివర పట్టిక లేదు. సమస్యాసాధనను గూర్చి 1945లో గ్రంథము వ్రాసిన జార్జి పోల్యా పండితుడు, వచ్చిన ఫలమును వెనుదిరిగి పరీక్షించుటను సాధనలో ఒక ఘట్టముగానే లెక్కించెను. మనకును ఒక పరీక్ష కలదు. కొంత దిగువకు పోయి, మరల కొలువవలెను. నడుమ ఏ వాగును కలియక, నీటిని ఎవరును తోడుకొనక యున్నచో అదే మొత్తము రావలెను. అచట వెడల్పు 40 మీటర్లే యై, లోతు అంతయే యున్న, నీరు అంతకంతకు వడిగా పోవుచుండవలెను. అట్లు కానిచో మన కొలత తప్పు. లేదా నడుమ మోటార్లు నీటిని లాగుచున్నవి.

గణితోపాధ్యాయులు సెలవులో నుండగా తెలుగు పండితుడనగు నేను ఒకనాడు ఆ తరగతి తీసికొంటిని. లోతు రెట్టింపైన నీరును రెట్టింపగునని ఒక బాలుడు చెప్పెను. నేనును సరియే యంటిని. అది తప్పని పిమ్మట తెలిసికొంటిని. లోతు పెరిగినకొలది వేగమును పెరుగును. ఐర్లండు ఇంజనీరు రాబర్టు మానింగు 1889లో ప్రతిపాదించిన సూత్రము ననుసరించి, వెడల్పైన ఏటిలో లోతు ఎనిమిదింతలైన వేగము నాలుగింతలగును. నీటి మొత్తము 32 ఇంతలగును. అరమీటరు లోతున 450 క్యూసెక్కులు పారిన ఏరు, నాలుగు మీటర్ల లోతున 14,400 క్యూసెక్కులు మోయును. వంతెనకు ఎన్ని కానాలుంచవలెనో నిర్ణయించువారు నావలె పొరబడినచో ఏమి కావలెను!

ఈ సూత్రమునకును హద్దు కలదు. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరమున జాతీయరహదారి మీదికి వచ్చెను. హైదరాబాదు, విజయవాడల నడుమ రాకపోకలు నిలిచిపోయెను. అట్టివేళ మన తొట్టి గోడలు కూలినట్లే; 60 మీటర్ల వెడల్పు ఇక పనికిరాదు. ఏటిగర్భము నొక తొట్టిగా, మునిగిన పొలములను వెడల్పై లోతు తక్కువైన మరియొక తొట్టిగా భావింపవలెను. పైరులు అడ్డుపడుటచే పొలములలో నీరు మెల్లగా సాగును. కనుక రెండింటి వేగములను వేర్వేరుగా లెక్కించి, పిదప మొత్తములను కూడవలెను.