యుద్ధకాలమున వెండితెరపై పోతన

1942వ సంవత్సరము తెలుగువారికి కలసివచ్చిన సంవత్సరము కాదు. ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను జపాను వశమైనవి. పొట్టకూటికై రంగమునకు వలసపోయిన తెలుగు కూలీలు వేలకొలది అడవిత్రోవల వెంట కాలినడకను తిరుగుముఖము పట్టిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్నముమీదను, కాకినాడమీదను బాంబులు పడినవి. ఆ నెలలోనే మద్రాసునుండి జనులు మూటాముల్లె కట్టుకొని పల్లెలకు తరలిరి. ఆగస్టులో నాయకులు చెరసాలల పాలైరి. 12వ తేదీన తెనాలిలో జరిగిన కాల్పులలో ఏడుగురు నేలకొరగిరి.

వాహినీవారు ‘భక్త పోతన’ చిత్రమును తీయుచుండినది ఈ యేడాదియందే. పట్టణము ఖాళీయగుటతో పని కొంతకాలము ఆగి, మరల సాగెను. అంతవరకు ఆ సంస్థలో నిర్మాణ వ్యవహారములు చూచుచుండిన కె.వి. రెడ్డిగారికి దర్శకుడుగా ఇది తొలి చిత్రము. రచన సముద్రాల రాఘవాచార్యులవారిది. పోతనగా నాగయ్యగారును, శ్రీనాథుడుగా గౌరీనాథశాస్త్రిగారును నటించిరి. 1943 జనవరిలో చిత్రము విడుదలయ్యెను.

అందు యుద్ధప్రసక్తి లేదు, తెల్లదొర లేడు, జెండా లేదు. ఉన్నదెల్ల అయిదువందల యేండ్లనాటి యొక బీదరైతు కథ. అతడు భాగవతమును తెనిగించెను. దానిని రాజున కంకితమిచ్చినచో ఇంట లేమి తీరును, ఈయనని మొండికెత్తెను. అంతే కథ. పోతన నివాసము ఓరుగల్లా, ఒంటిమిట్టా యన్న వివాదము పండితులది. నేలటిక్కెట్టు కొన్న ప్రేక్షకునికి అది పట్టలేదు. అతని కండ్లకు గట్టినది మరియొకటి: చేతిలో చిల్లిగవ్వ లేనివాడు, నాగలి తప్ప వేరాయుధము లేనివాడు, ప్రభువుతో ‘ఇది నీది కాదు’ అనగలిగెను. తన నాయకులు కటకటాల వెనుకనున్న వేళ ఆ మాట చెవినిబడినచో దాని యర్థము వేరొకరు విప్పిచెప్పవలసిన పనిలేదు.

భక్తిచిత్రములు జనులను మఱపులో ముంచునని ఆక్షేపించువారు లేకపోలేదు. అది పూర్తిగా అబద్ధము కాదు. గారడీవంటి మహిమలు చూపి సొమ్ము చేసికొన్న చిత్రము లెన్నియో కలవు. కాని మఱపు వేరు, ఊరట వేరు. మఱపు కష్టమును కప్పిపుచ్చును. ఊరటయో, కష్టమును ఎదుటనే యుంచి, దానిని మోయుచుండగా తలవంచక నిలిచిన మనిషిని చూపును. ‘భక్త పోతన’ ఈ రెండవ కోవకు చెందినది. పోతన యింట చివరకు ధనరాసులు కురిసినచో ఈ చిత్రము కొఱగాకుండెడిది.

నాగయ్యగారి గాత్రమునకును ఇందు పెద్ద పాలున్నది. నాటకరంగమున పద్యమనగా సాగదీసిన రాగము, ‘వన్స్‌మోర్’ కేకలు. ఆయన పద్యమును మెత్తగా, మాటమాటయు తెలియునట్లు పాడెను. గజేంద్రమోక్షమును బడిలో బెత్తము భయమున వల్లెవేసిన పిల్లలు, పద్యమనగా ఒకడు నిజముగా మొరపెట్టుకొనుట యని ఇట్టి గొంతు విన్నపుడే గ్రహింతురు. ఉపాధ్యాయులకు ఇది చిన్న విషయము కాదు.

సినిమా విడిచిన పిమ్మట బియ్యము ధర తగ్గలేదు. కిరసనాయిలు కొరత తీరలేదు. తీరగ్రామములవారికి విమానభయమును పోలేదు. అయినను జనులు మరల మరల వచ్చి చూచిరి. 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’ వచ్చునప్పటికి నాగయ్యగారిని నటుడుగా కాక సాధువుగానే భావించి పాదములకు మ్రొక్కువారేర్పడిరి. ఆయన గడించిన దానిని అడిగినవారి కెల్ల పంచిపెట్టి, 1973 డిసెంబరులో కన్నుమూయునాటికి దాదాపు రిక్తహస్తుడై యుండెను.