లోతు నీళ్లలో ఏముంది?

అక్కలారా, నందికొండ వాళ్లకు నీళ్లు కొత్త కాదు. సాగర్ కట్ట మీద నిలబడి కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. "గింత లోతుల ఏముంటదో!" అనుకుంటాం. ఈ కట్ట ఎత్తు పునాది నుంచి 124 మీటర్లు. అంటే సుమారు 70 నిలువులు. ఈ నీళ్లలో వాలుగ చేప ఉంటుంది. దానికి వెడల్పు నోరు, పొడుగు మీసాలు. చిన్న చేపలను మింగి బతుకుతుంది.

మన కృష్ణమ్మ ఇక్కడి నుంచి పోయి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్రం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. 20 సాగర్ కట్టలను ఒకదాని మీద ఒకటి పెట్టినా మునిగిపోతాయి. మరి సముద్రాల లోతులో ఏముంటుంది?

నావికుల మాట

వెనకట యూరప్ నావికులు ఒక కథ చెప్పేవారు. "సముద్రంలో పెద్ద రాకాసి ఉంది. పొడుగు చేతులతో ఓడనే పట్టి ముంచుతుంది" అనేవారు. చాలామంది నమ్మలేదు. డెన్మార్కు శాస్త్రవేత్త స్టీన్‌స్ట్రప్ మాత్రం ఆ మాటను కొట్టిపారేయలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక జంతువు ముక్కును పరీక్షించాడు. ఇది రాకాసి కాదు, పెద్ద స్క్విడ్ అని 1857లో దానికి పేరు పెట్టాడు.

1861లో ఒక ఫ్రాన్సు ఓడ వాళ్లకు సముద్రం మీద అలాంటి జంతువు కనిపించింది. తాడు వేసి లాగారు. జంతువు జారిపోయింది. తోక ముక్క మాత్రం చేతికి వచ్చింది. ఊరికి వచ్చి చెబితే కొందరు పండితులు నమ్మలేదు.

అది ఎట్లా ఉంటుంది?

స్క్విడ్‌కు ఎముకలు ఉండవు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో వలలకు చిన్న స్క్విడ్‌లు పడతాయి. ఈ పెద్దది మాత్రం 12 మీటర్ల వరకు పెరుగుతుంది. ఎనిమిది చేతులు, వాటికన్నా చాలా పొడుగైన మరో రెండు చేతులు ఉంటాయి. ఆ రెండింటితో చేపను పట్టి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది. నోరు చిలక ముక్కులా ఉంటుంది. తిండి గొంతు మెదడు మధ్య నుంచి పోతుంది. అందుకే తిండిని చిన్న ముక్కలుగా కొరికి మింగాలి.

దాని కన్ను అన్నం తినే పళ్లెమంత ఉంటుంది. అంత లోతులో ఎండ పొడ సరిగా అందదు. ఆ చీకట్లో దానికీ ఒక శత్రువు ఉంది. అది పెద్ద తల ఉండే ఒక జాతి తిమింగలం. వేటాడే జంతువే వేట అవుతుంది. ఆ తిమింగలాల కడుపులో స్క్విడ్ ముక్కులు దొరికాయి. వాటి తల మీద స్క్విడ్ చేతుల గుండ్రటి మచ్చలు కనిపించాయి.

చివరికి కనిపించింది

జపాన్ శాస్త్రవేత్త కుబోదెరా ఈ ఆనవాళ్లనే పట్టుకున్నాడు. తిమింగలాలు తిరిగే చోట ఎరతో పాటు కెమెరాను దింపాడు. 2004లో, 900 మీటర్ల లోతున స్క్విడ్ ఎరకు వచ్చింది. అంటే మన కట్టలు ఏడు పేర్చినంత లోతు. ఒక చేయి గాలానికి చిక్కుకుంది. నాలుగు గంటలు పెనుగులాడి, ఆ చేయి తెంపుకొని పోయింది. కెమెరా 500కు పైగా ఫొటోలు తీసింది. బతికున్న పెద్ద స్క్విడ్‌ను దాని చోటులోనే ఫొటో తీయడం అదే మొదటిసారి.

తెల్లటి లైట్లకు స్క్విడ్ బెదురుతుందేమోనని 2012లో దానికి కనిపించని ఎర్ర వెలుగు వాడారు. లోతులో మెరిసే జీవిలా ఉండే ఎరను వేలాడదీశారు. అప్పుడు కదిలే బొమ్మ కూడా దొరికింది.

మనకేం తెలిసింది?

నావికుల్లో చాలామందికి చదువు రాదు. అయినా వాళ్లు చెప్పిన జంతువు నిజంగానే ఉంది. ఓడలను ముంచుతుందన్నది మాత్రం నిజం కాదు. అది మనకు దూరంగా చీకటి నీళ్లలో తన బతుకు తాను బతుకుతుంది.

"చదువు రానిదానివి, నీకేం తెలుసు" అన్న మాట మనలో చాలామంది పడ్డవాళ్లమే. కళ్లతో చూసింది చెప్పడానికి వెనుకాడకండి. అట్లనే, ఎవరు ఏం చెప్పినా "దానికి ఆనవాలు ఏది?" అని అడగండి. చదువు నేర్పేది ఆ అడగడమే.