కంటికి కనపడని విషానికి ధర కట్టేదెలా?

గద్వాల జిల్లా రాజోలిలో చేనేత చీర కొనేవాళ్లు కొంగు విప్పి, జరీ తడిమి చూసుకుంటారు. నచ్చితే వెయ్యి ఎక్కువైనా ఇస్తారు. అదే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో యాసంగికి పండే పల్లీలకు ఆ వీలు లేదు. గింజ లావు, రంగు తెలుస్తాయి. అఫ్లాటాక్సిన్ తెలియదు.

ఆస్పర్జిల్లస్ అనే బూజు తయారుచేసే విషం ఇది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిని పరీక్షించి దీన్ని కనుక్కున్నారు. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. పెనం మీద వేయించినా పూర్తిగా పోదు.

కొనేవాడికి తేడా తెలియని బజారులో మంచి సరుకుకూ నాసిరకం ధరే పలుకుతుందని ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో వివరించాడు. పల్లీ రైతుకు దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. బూజు రాకుండా తేమ ఎనిమిది శాతానికి దిగేదాకా కాయలు ఎండబెట్టాలి, ముడుచుకున్నవీ పుచ్చినవీ ఏరేయాలి. కూలి పెరుగుతుంది, తూకం తగ్గుతుంది. జాగ్రత్తపడినందుకు రైతే నష్టపోవడం అన్యాయం.

మరి జనం ఎక్కువ ఇవ్వరా? ఇస్తారు. నగరాల్లో గానుగ నూనెకు ఎంత ఇస్తున్నారో చూడండి. కళ్లముందు ఆడుతున్న గానుగే వాళ్ల నమ్మకం. అయితే రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసేటప్పుడు అఫ్లాటాక్సిన్ చాలావరకు పోతుంది. గానుగలో ఆ దశే లేదు. గింజ చెడ్డదైతే కొంత విషం నూనెలోకి, ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. ఆ చెక్క తిన్న బర్రె పాలలోకీ దాని అంశ చేరుతుంది. అంటే మనం అదనంగా ఇచ్చే డబ్బు కనిపించే పద్ధతికి పోతోంది గానీ కనిపించని పరీక్షకు పోవడం లేదు.

ఐరోపా కొనుగోలుదారుల తీరు వేరు. నేరుగా తినే పల్లీల్లో అఫ్లాటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే అక్కడ సరుకు చెల్లదు. కాబట్టి పరీక్షా ఫలితం చూసే బేరం కుదురుతుంది. తక్కువ ఖర్చుతో ఆ పరీక్ష చేసే పద్ధతిని మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఎప్పుడో తయారుచేసింది.

చిక్కంతా నమూనా దగ్గర. విషం బస్తా అంతటా సమంగా ఉండదు, కొద్ది గింజల్లోనే పేరుకుంటుంది. గుప్పెడు తీసి చూస్తే ఏమీ తేలదు. చాలా బస్తాల నుంచి కొంచెం కొంచెం తీసి, మెత్తగా పొడిచేసి, కలిపి చూడాలి. పది బస్తాల రైతుకు ఆ ఖర్చు భారం. ఊళ్లో ఒకే తీరుగా ఎండబెట్టిన రైతులంతా సరుకు కలిపి పరీక్ష చేయిస్తే బస్తాకు పడేది కొన్ని రూపాయలే, ఆ కాగితం చూపించి ధర అడగవచ్చు.