ఉప్పునీరు మింగిన ఇంజిన్

1960ల్లో అమెరికాలో మోటోక్రాస్ పందేల్లో పాల్గొనే క్లేటన్ జేకబ్సన్‌కు ఒక ఆలోచన వచ్చింది. బైక్ మీంచి నేల మీద పడితే ఒళ్లు హూనమవుతుంది, అదే నీళ్ల మీద నడిచే బండి అయితే ఆ బాధ ఉండదు కదా! ఆ ఆలోచనతో కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ 1968లో సీ-డూ అనే బండిని తెచ్చింది. అది నిలదొక్కుకోలేదు. 1973లో కవాసాకి తెచ్చిన, నిలబడి నడిపే జెట్ స్కీ మాత్రం జనానికి నచ్చింది. ఎంతగా అంటే, ఏ కంపెనీ బండినైనా ఇప్పుడు జెట్ స్కీ అనే పిలుస్తున్నాం.

ఈ బండికి బయట తిరిగే ప్రొపెల్లర్ ఉండదు. అడుగు నుంచి నీటిని లోపలికి లాగి, ఇంపెల్లర్‌తో వెనక్కి చిమ్ముతుంది. ఆ చిమ్మే ధారే బండిని ముందుకు నెడుతుంది. ఇంజిన్‌కేమో గాలి కావాలి. నీళ్ల మధ్యే ఉండాలి, నీరు మాత్రం తాగకూడదు. ఈ బండి కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

నీరు చేరే దారులు చిన్నవే. వెనకున్న డ్రెయిన్ ప్లగ్గులు బిగించకుండానే సముద్రంలోకి దింపేస్తారు. లేదా బోల్తాపడ్డ బండిని తప్పు దిక్కుకు తిప్పి లేపుతారు. పొగగొట్టం పెట్టెలో ఎప్పుడూ కాస్త నీరుంటుంది, తప్పుగా తిప్పితే అది సిలిండర్లలోకి జారుతుంది. ఎటు తిప్పాలో చాలా బండ్లకు వెనకే స్టిక్కర్ అంటించి ఉంటుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ.

మునిగిన బండిని ఒడ్డుకు లాగగానే చేయి స్టార్ట్ బటన్ మీదకే పోతుంది. చేయకూడని పని అదే. గాలిని నొక్కితే నలుగుతుంది, నీరు నలగదు. సిలిండర్‌లో నీళ్లుంటే పైకొచ్చే పిస్టన్ అక్కడే ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. సముద్రం పాడు చేయని ఇంజిన్‌ను మన తొందర పాడు చేస్తుంది. బటన్ నొక్కితే రిలే ఒక్కసారి 'టక్' మని ఊరుకుందంటే బ్యాటరీ దిగిపోయి ఉండొచ్చు, టెర్మినల్‌కు తుప్పు పట్టి ఉండొచ్చు, సిలిండర్ నిండా నీళ్లూ ఉండొచ్చు. ఆ శబ్దాన్ని బట్టి ఏదో చెప్పలేం. మళ్లీ మళ్లీ నొక్కి చూడటం ప్రమాదం.

ముందు బ్యాటరీ వైరు తీసేయాలి. డ్రెయిన్ ప్లగ్గులు విప్పి, ముక్కు పైకెత్తి బండి లోపలి నీళ్లు వంచాలి. తర్వాత స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. నిప్పురవ్వ రాకుండా చేసి, బ్యాటరీ మళ్లీ తగిలించి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. ప్లగ్గు రంధ్రాల్లోంచి నీరు, పెట్రోలు కలిసి పిచికారీలా ఎగజిమ్ముతాయి, కాబట్టి ముఖం అటు పెట్టకూడదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే డిప్‌స్టిక్ బయటికి తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ఆయిల్, ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. రంగు తేటపడే దాకా ఇంతే. ఖర్చు దండగనిపించినా బేరింగులు పట్టేస్తే అయ్యే ఖర్చు ముందు ఇది ఎంత?

మంచినీళ్లలో మునిగిన బండికి ఇంతటితో గండం గడిచినట్టే. సముద్రం వేరు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. ఎండలో పెడితే నీరు పోతుంది కానీ ఉప్పు అక్కడే ఉంటుంది. గాలిలోని తేమను లాక్కుంటూ ఉక్కునూ, అల్యూమినియంనూ తినేస్తుంది. ఫ్యూజు పెట్టె, కనెక్టర్ల రాగి మీద ఆకుపచ్చ చిలుము పేరుస్తుంది. వారాల తర్వాత ఉన్నట్టుండి బండి మొరాయించేది ఈ చిలుము వల్లే కావచ్చు. అందుకే, విడ్డూరంగా తోచినా, తడిసిన కనెక్టర్లను ఊడదీసి మళ్లీ మంచినీళ్లతోనే కడగాలి. పూర్తిగా ఆరబెట్టి డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయాలి. సిలిండర్లలోకి ఫాగింగ్ ఆయిల్ కొట్టాలి. ఇదంతా ఆ రోజే జరగాలి.

పైపుతో ఇంజిన్‌ను లోపల కడిగేటప్పుడూ ఒక వరస ఉంది. ముందు ఇంజిన్, తర్వాత కుళాయి. ఆపేటప్పుడు ముందు కుళాయి, తర్వాత ఇంజిన్. ఇంజిన్ నడవకుండా కుళాయి తిప్పితే ఆ నీరు పొగగొట్టం దారిన సిలిండర్లలోకే చేరుతుంది.

సముద్రంలో జెట్ స్కీ నడిపేవాళ్లు, నడిపించేవాళ్లు ఒక ప్లగ్ స్పానర్ ఎప్పుడూ సీటు కింద ఉంచుకోండి. బండి మునిగిన రోజు బటన్ జోలికి పోకుండా ముందు దాన్ని అందుకోండి.